పీఠం మీదికి ఒక ఫొటో

సెప్టెంబర్ 9, సోమవారం

ఈ పుస్తకం ప్యాకింగ్ షెడ్డుది. ప్రతి పేజీలోనూ గళ్ళు గీసి ఉన్నాయి. మచ్చ, దెబ్బ, రంగు తక్కువ, పురుగు. గంటకి ఎన్ని ఆపిల్ పళ్ళు ఎందుకు తీసేశామో ఆ గళ్ళల్లో గీతలు పెట్టాలి. ఇప్పుడు ఆ లెక్క కెమెరా మిషనే పెడుతోందని పుస్తకాలు పారేస్తుంటే ఒకటి అడిగి తెచ్చుకున్నాను. గళ్ళ మీదుగానే రాస్తున్నాను. నాది నాలుగో తరగతి చదువు. తప్పులుంటే ఉంటాయి. చదివేవాళ్ళెవరూ లేరు.

క్లినిక్‌లో డాక్టరమ్మ రాయమంది. నోటితో అనలేనివి రాసుకో హెర్మీనియా అంది.

నొయెమీ పోయి ఇరవై మూడు రోజులు. నా పెద్ద కూతురు. పదిహేడేళ్ళు. రెండేళ్ళు తిండి తగ్గించుకుంటూ తగ్గించుకుంటూ వచ్చింది. మళ్ళీ తినడం మొదలుపెట్టిన నాలుగో నెలలో గుండె ఆగిపోయింది. లోపల అప్పటికే అరిగిపోయింది అన్నారు. స్నానాల గది గుమ్మం దగ్గర పడిపోయింది. తువ్వాలు భుజం మీదే ఉంది.

ఇక చాలు.

సెప్టెంబర్ 10

షెడ్డుకి గాలా రకం ఆపిల్ పళ్ళు వస్తున్నాయి. ఏమీ రాయబుద్ధి కాలేదు.

సెప్టెంబర్ 14, శనివారం

స్టూడియో నుంచి కవరు వచ్చింది. స్కూలు ఆఖరి సంవత్సరం ఫొటో. జూలైలో యాకిమా పట్నం తీసుకెళ్ళి తీయించాం. అసలు మర్చిపోయాను. కవరు మీద దాని పేరు చూసి, ఎవరో బతికున్న మనిషికి వచ్చిన ఉత్తరంలా ఉంటే, కాసేపు విప్పలేదు.

ఎంత అందంగా ఉంది! నల్ల గౌను, భుజాల దాకా జుట్టు, మెడలో మా అమ్మ ఇచ్చిన చిన్న సిలువ. బుగ్గలు నిండుగా ఉన్నాయి. కళ్ళ కింద వెలుగు. మ్యాగజైన్ అట్ట మీద బొమ్మలా ఉంది. మా ఆయన ఫిదెన్సియో దాన్ని రెండు చేతులతో పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. "చూడవే, నా తల్లిని చూడు, రాణిలా లేదూ" అన్నాడు.

చిన్నది సిట్లాలి ఒక్కసారి చూసి బల్ల మీద పెట్టేసింది. "మచ్చ ఏదమ్మా?" అంది.

అప్పుడు చూశాను. ఎడమ కన్ను కింద దానికి కాఫీ రంగు పుట్టుమచ్చ ఉండేది, చిక్కుడు గింజంత. మా అమ్మకి కూడా అదే చోట ఉంది. ఫొటోలో లేదు. ఆ చోట చర్మం నున్నగా ఉంది.

స్టూడియో వాళ్ళు చెరిపేశారు. వాళ్ళ పద్ధతే అంత.

సెప్టెంబర్ 15, ఆదివారం

దాని గురించి మంచి మాటలు రాసుకోవాలని ఉంది. మర్చిపోతానేమోనని భయం.

లెక్కల్లో దాన్ని మించినవాళ్ళు లేరు. వాళ్ళ నాన్న తోటలో నీళ్ళ పైపులు చూస్తాడు. ఏ వరసకి ఎన్ని గంటలు నీళ్ళు వదలాలో ఆయన కాగితం పట్టుకుని తల గోక్కుంటుంటే, అది పళ్ళు తోముకుంటూ వచ్చి నోట్లో నురగతోనే చెప్పేసి పోయేది. ఎవరైనా ఏడుస్తుంటే పక్కన కూర్చునేది, ఏమీ అడిగేది కాదు. నవ్వితే ముక్కుతో చప్పుడు వచ్చేది, ఆ చప్పుడుకి తనే మళ్ళీ నవ్వేది.

రంగులు వేసుకోవడంలో దాని చెయ్యి చూడాలి. పదమూడో ఏట మొదలుపెట్టింది. ఫోనులో ఎవరో అమ్మాయిలు చెప్పేవాళ్ళు, ఇది నేర్చుకునేది. ముందు మచ్చ కనపడకుండా పూసుకుంది. తర్వాత ముక్కు సన్నగా కనపడేటట్టు, తర్వాత దవడ. నేను గుమ్మంలో నిలబడి చూసేదాన్ని. చర్చి బొమ్మలకి రంగులేసే మనిషికి కూడా అంత ఓపిక ఉండదు. "ఎవరు నేర్పారే నీకు" అని గర్వంగా అనేదాన్ని.

తర్వాత సన్నబడింది. చర్చిలో ఆడవాళ్ళు ఏమన్నారో గుర్తుంది. "ఏం పెడుతున్నావమ్మా పిల్లకి, టీవీలో అమ్మాయిలా తయారైంది!" నేను నవ్వాను. ఇంటికొచ్చి దానికి చెప్పాను కూడా. సంతోషపడింది. ఆ సంతోషం చూసి నేను సంతోషపడ్డాను.

నాకు అప్పుడేం తెలుసు.

సెప్టెంబర్ 24, మంగళవారం

ఈ రోజు షెడ్డులో పళ్ళు దొర్లే బెల్టు దగ్గర చాయో అడిగింది. చాయో నొయెమీ జ్ఞానస్నానంలో తల్లి స్థానంలో నిలబడ్డ జ్ఞానతల్లి, పన్నెండేళ్ళుగా బెల్టు మీద నా పక్క మనిషి.

"వదినా, నవంబర్‌లో పోయినవాళ్ళ పండక్కి నొయెమీకి పీఠం పెడతావు కదా?"

"పెట్టకుండా ఎలా?"

"పోయిన పిల్లలు వచ్చే రోజునా, పెద్దలు వచ్చే రోజునా? పదిహేడంటే అటూ ఇటూ కాదు."

"నాకూ తెలియట్లేదు."

"రెండు రోజులూ ఉంచు. అది ఏనాడు టైముకి వచ్చింది గనక! జ్ఞానస్నానానికే గంట ఆలస్యం చేసింది. నేను కొత్త చెప్పులేసుకుని నిలబడి నిలబడి చచ్చాను."

ఇద్దరం నవ్వాం. నొయెమీ పోయాక నవ్వడం అదే మొదలు. ఆ నవ్వులో పడి బెల్టు మీద రెండు మచ్చ ఆపిల్‌లు దాటిపోయాయి. సూపర్‌వైజర్ చూసి కూడా ముందుకి నడిచిపోయింది.

తర్వాత చాయో "ఫొటో ఏది పెడతావు?" అంది. ఇంటికొచ్చినప్పుడు తను చూసిన ఆ స్టూడియోది అన్నాను. ఆమె చేతులు ఆగాయి.

"అందులో ఉన్నది మన పిల్ల కాదుగా వదినా" అంది మెల్లగా.

నాకు కోపం వచ్చింది. మధ్యాహ్నం వేరే బల్ల దగ్గర కూర్చుని తిన్నాను.

సెప్టెంబర్ 25

కానీ నిజమే. ఫొటో చూసుకునే కదా పోయినవాళ్ళు తమ ఇల్లు ఏదో పోల్చుకునేది. బంతిపూల దారి గుమ్మం దాకా తెస్తుంది, దీపం లోపలికి పిలుస్తుంది, పీఠం మీద తన ముఖం కనిపిస్తే ఇది నా ఇల్లే అని వచ్చి కూర్చుంటారు. మా అమ్మ అలాగే చెప్పింది, వాళ్ళమ్మ అలాగే చెప్పిందట.

వచ్చి ఆ నున్నటి ముఖం చూసి, ఇదెవరో వేరే అమ్మాయి అనుకుని వెళ్ళిపోతే?

సెప్టెంబర్ 29, ఆదివారం

సిట్లాలి, నేను నొయెమీ ఫోను ముందేసుకుని కూర్చున్నాం. దాని పాస్‌వర్డ్ చెల్లెలికి తెలుసు. వందల ఫొటోలు. నేను చూస్తూ పోయాను, అబ్బా ఎంత బాగుంది, ఇది ఎంత బాగుంది అంటూ.

"అమ్మా, ఇవన్నీ మార్చినవే. చూడు, వెనకాల తలుపు చట్రం వంకరపోయింది. నడుం సన్నం చేస్తే తలుపు కూడా లోపలికి పోతుంది."

ఒక్కసారి చూపించాక ఇక అదే కనపడుతోంది. వంగిన తలుపులు, వంగిన కంచె, వంగిన బడి గోడ. నా పిల్ల మధ్యలో నిలబడి నవ్వుతోంది, చుట్టూ లోకమంతా ఒంగిపోయింది.

మార్చనివి ఏవి అంటే, లేవు. తీసేసింది. గుంపులో తీసినవి ఉన్నాయి, వాటిల్లో ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

మధ్యమధ్యలో ఫోను తనంతట తనే ప్రకటనలు చూపిస్తోంది. నడుం తగ్గే టీ, పొట్ట కనపడనివ్వని లోదుస్తులు, ముందు ఇలా తర్వాత ఇలా. "దీని యజమాని లేదు కదే, ఇంకా ఎవరికి చూపిస్తోంది?" అన్నాను.

"దానికి తెలియదమ్మా అక్క లేదని. ఎంత చూస్తే అంత పంపిస్తుంది. అక్క ఎక్కువ చూసింది."

సిట్లాలికి పదిహేనేళ్ళు. కళ్ళు తుడుచుకోకుండానే ఈ మాట చెప్పింది. ఆ పిల్ల ధైర్యం నాకు లేదు.

అక్టోబర్ 2

చిన్నప్పటిది పెట్టు అంటోంది చాయో. పన్నెండేళ్ళది ఒకటి ఉంది, జడలతో, మచ్చతో, పక్క పన్ను ఊడి. కానీ అది పదిహేడేళ్ళ మనిషిగా పోయింది. పన్నెండేళ్ళ పిల్లగా రమ్మంటే మధ్యలో పడ్డ కష్టమంతా ఏమైనట్టు? ఆ ఐదేళ్ళు లేవన్నట్టే కదా.

పదిహేడేళ్ళ ముఖం కావాలి నాకు. దానిదే కావాలి. పండక్కి నెల కూడా లేదు.

అక్టోబర్ 6, ఆదివారం

రాస్తాను. ఎవరూ చదవరు కదా.

స్టూడియో వాళ్ళు చెరపలేదు. నేను చెరిపించాను.

ఫొటో తీయడం అయిపోయాక నొయెమీ, సిట్లాలి కారులో కూర్చున్నారు. నేను కౌంటర్ దగ్గరికి వెళ్ళాను. అద్దం కింద ఒకే అమ్మాయి ఫొటోలు రెండు పక్కపక్కన ఉన్నాయి. ఒకదాంట్లో మొటిమలు, రెండోదాంట్లో లేవు. కౌంటర్ అమ్మాయి ఏది కావాలి అన్నట్టు చెయ్యి చూపించింది. నేను రెండోదాని మీద వేలు పెట్టాను. కాగితం ఇచ్చి గడి చూపించింది. టిక్కు పెట్టాను. కాగితం మీద ఇంకా ఏదో ఇంగ్లీషు రాసి ఉంది, నేను చదవలేదు. చదవలేను.

ఆలోచించలేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేను చేసే పని అదే. పండు దొర్లుతూ వస్తుంది, మచ్చ ఉంటే చెయ్యి తనే పోతుంది, తీసి రసం బుట్టలో పడేస్తుంది. పన్నెండేళ్ళలో నా చెయ్యి తప్పు చేసింది తక్కువ. అందరూ మెచ్చుకుంటారు.

దానికి సంతోషంగా ఉంటుందనుకున్నాను. చెప్పకుండా ఇద్దామనుకున్నాను.

అక్టోబర్ 7

సిట్లాలికి చెప్పాను. ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పాను. తిడుతుందనుకున్నాను. తన ఫోను తీసి స్టూడియో ఎప్పుడు తెరుస్తారో చూసింది. తర్వాత, "కెమెరాలో అసలుది ఉండొచ్చు. శనివారం వెళ్దాం" అంది.

దానికి ఇంత తెలివి ఎవరిచ్చారో.

అక్టోబర్ 12, శనివారం

అంతా రాయాలి. ఒక్క మాట కూడా పోకూడదు.

స్టూడియోలో మార్నీ అనే అమ్మాయి ఉంది. ఇరవై ఐదేళ్ళుంటాయేమో, పొట్టి జుట్టు, పెద్ద శరీరం, చేతుల నిండా పచ్చబొట్లు. నా ఇంగ్లీషు చాలదని సిట్లాలి మాట్లాడింది. పేరు చెప్పగానే మార్నీ కుర్చీలోంచి లేచింది.

"నొయెమీయా? ఆ ఫొటో తీసింది నేనే. కౌంటర్ దగ్గర వేరే అమ్మాయి ఉంది ఆ రోజు. నాకు ఆమె బాగా గుర్తుంది మేడమ్. ముక్కుతో నవ్వుతుంది."

"మా అక్క చనిపోయింది" అంది సిట్లాలి.

మార్నీ మళ్ళీ కూర్చుంది. తర్వాత లోపలికి వెళ్ళి కంప్యూటర్ మా వైపు తిప్పింది.

నా పిల్ల.

మచ్చ ఉంది. ఆ రోజు దాని మీద ఏమీ పూసుకోలేదు. కానీ బుగ్గలు లేవు, కవర్లో వచ్చిన బుగ్గలు కూడా నా టిక్కుతో వచ్చినవే. బుగ్గలు ఉండాల్సిన చోట నీడలు ఉన్నాయి. మెడ దగ్గర ఎముకలు. మా అమ్మ సిలువ ఆ గుంటలో పడుకుని ఉంది. కళ్ళు పెద్దవై ముఖంలో సగం అయ్యాయి. ఇంత చిక్కిపోయిందా? రోజూ ఎదురుగా కూర్చుంది. రోజూ దాని జుట్టు దువ్వాను. నేను ఎవర్ని చూశాను ఇన్నాళ్ళూ?

బల్ల అంచు పట్టుకున్నాను. మార్నీ కుర్చీ జరిపింది.

అప్పుడు చూశాను, అది నవ్వుతోందని. పెదవులు మూసుకుని కాదు, ఫోనులో నవ్వేటట్టు కాదు. పళ్ళు కనపడేటట్టు, ముక్కు ముడుచుకుని, ఆ చప్పుడు వచ్చే నవ్వు. 

మార్నీ చెప్పింది. "కెమెరా వెనక చిన్న తెర మీద ఫొటో చూపించమంది. ఇక్కడికొచ్చే పిల్లలు అలా చూసి వెంటనే, అయ్యో ఇది తీసెయ్, అది తీసెయ్ అంటారు. ఈమె చాలాసేపు చూసింది. చూసి, 'ఊఁ, ఇది నేనే' అంది. నాకు ఏడుపొచ్చింది మేడమ్. ఆ వయసులో నేను ఆ మాట అనలేదు. ఇప్పటికీ అనలేను."

సిట్లాలి ఆ మాటలన్నీ నాకు మా భాషలో చెప్పింది.

ఆ తర్వాత మార్నీ ఒక అట్ట సంచి వెతికి తెచ్చింది. అందులో ఆ రోజు కాగితం ఉంది. కింద గడిలో నా టిక్కు. పైన ఖాళీలో నొయెమీ రాత. నా పిల్ల రాత నాకు తెలుసు, గుండ్రంగా, వెనక్కి వాలి ఉంటుంది. నేను టిక్కు పెట్టినప్పుడు కూడా అది అక్కడే ఉంది. నా వేలికి రెండంగుళాల పైన.

"చదువు" అన్నాను.

సిట్లాలి చదివింది. "దయచేసి ఏమీ మార్చకండి. మచ్చ మా అమ్మమ్మది. బుగ్గలు నేను నింపుకుంటాను, మీరు నింపకండి. కొంచెం టైమ్ పడుతుంది."

ఇంకోసారి చదువు అన్నాను. ఇంకోసారి చదివింది.

"అమ్మా, చాలు" అంది మూడోసారికి.

మార్నీ ఫొటో పెద్దది చేసి ఇచ్చింది. కాగితం కూడా ఇచ్చేసింది. తలుపు దాకా వచ్చి నన్ను పట్టుకుంది. పెద్ద చేతులు. తన ముఖం నా భుజం మీద పెట్టి, "సారీ మేడమ్" అంది. టిక్కు నాది, సారీ ఆ పిల్లది.

అక్టోబర్ 13

బుగ్గలు నేను నింపుకుంటాను, మీరు నింపకండి.

అక్టోబర్ 14

కొంచెం టైమ్ పడుతుంది.

అక్టోబర్ 16

ఎంత ధైర్యం కావాలి అది రాయడానికి!

ఫోను ఒక వైపు, టీవీ ఒక వైపు, రోడ్డు పక్కన ఆ పెద్ద పెద్ద బోర్డులు, చర్చి ఆడవాళ్ళు, టీ అమ్మేవాళ్ళు, స్టూడియో అద్దం కింద ఆ రెండు ఫొటోలు, చివరికి దాని తల్లి. ఇందరు. ఇందరూ ఒకే మాట. ఇంకొంచెం చెరుపు, ఇంకొంచెం తగ్గు. వీళ్ళందరి ఎదుటా ఒక్కతే కూర్చుని, పెన్ను తీసుకుని, వద్దు అని రాసింది. దయచేసి అని మర్యాదగా రాసింది. ఎవరి మీదా కోపం లేకుండా.

నేను దాన్ని జబ్బుపడ్డ పిల్ల అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఓడిపోయిన పిల్ల అనుకున్నాను. అది గెలుస్తోంది. శరీరానికి ఆ సంగతి ఆలస్యంగా తెలిసింది, అంతే.

నా కడుపున పుట్టిందా ఇంత మనిషి?

అక్టోబర్ 20, ఆదివారం

ఫిదెన్సియోకి ఫొటో చూపించాను. వారం దాచాను. చూసి ముఖం తిప్పుకున్నాడు.

"ఇది పెడతావా పీఠం మీద?"

"అవును."

"పిచ్చా నీకు? ఆ ఎముకలేంటి? ఊరందరూ వస్తారు. కన్నకూతురికి తిండి పెట్టలేదని అనుకుంటారు."

"అనుకోనీ."

"నీకేం, నువ్వంటావు. తోటలో నేను తల ఎత్తుకుని తిరగాలా వద్దా? కవర్లో వచ్చింది ఉందిగా! రాణిలా ఉంది!"

"అది రాణి కాదయ్యా, నేను పెట్టిన టిక్కు."

ఆయనకి అర్థం కాలేదు. అప్పుడు చెప్పాను, కౌంటర్ సంగతి, కాగితం మీద దాని రాత సంగతి. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆయన నా మీద అంత గట్టిగా అరవలేదు. "అది వద్దని రాస్తే నువ్వు టిక్కు కొట్టేశావా?" అన్నాడు. నేను అవునన్నాను. చదవలేదు, చదవడం రాదు అని అనలేదు. అడిగి ఉండొచ్చు కదా. కారు ఇరవై అడుగుల దూరంలో ఉంది.

సిట్లాలి కాగితం తెచ్చి నాన్న ముందు పెట్టి చదివింది. ఆయన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని విన్నాడు. విని, లేచి, నీళ్ళు కట్టాలని వెళ్ళిపోయాడు. ఆదివారం. అక్టోబర్‌లో నీళ్ళు కట్టే పని లేదు.

అక్టోబర్ 25, శుక్రవారం

సిట్లాలి బడిలో ఫొటోల రోజు. కాగితం నా ముందు పెట్టి, ప్రతి గడీ ఏమిటో చెప్పింది. ఇది మొటిమలకి, ఇది పళ్ళు తెల్లగా చెయ్యడానికి.

"ఏమైనా కావాలా నీకు?" అడిగాను.

"జుట్టు కోసం ఒక గడి ఉంటే టిక్కు పెట్టేదాన్ని. పొద్దున లేస్తే పిచ్చుక గూడే."

"దువ్వెన ఉందిగా."

"దువ్వెనకి నువ్వు కావాలిగా" అంది. దువ్వి జడ వేశాను. నొయెమీ పోయాక సిట్లాలి తల ముట్టుకోవడం అదే మొదలు. ఆ పిల్ల ఇన్ని రోజులు అడగకుండా ఆగింది.

గడులన్నీ ఖాళీగా వదిలి నేను సంతకం పెట్టాను.

అక్టోబర్ 31, గురువారం

సెలవు పెట్టాను. బంతిపూలు తెచ్చాం. చాయో పొద్దున్నే వచ్చింది, పెద్ద గిన్నెతో.

ఏం వండాలి అన్నదే భయం నాకు. పీఠం అంటే తిండే కదా. దానికి ఇష్టమైనవి పెట్టాలి. తిండి దగ్గర కన్నీళ్ళు పెట్టుకున్న పిల్లకి పళ్ళాలు పళ్ళాలు పేర్చితే, గుమ్మంలోంచే చూసి బెదిరిపోతుందేమో. ఈ మాట చాయోకి చెబితే, ఉల్లిపాయలు తరగడం ఆపి, "ఆఖరి నెలల్లో ఏం అడిగింది?" అంది.

ఉచేపోలు అడిగింది. లేత మొక్కజొన్న రుబ్బి, తీపి కలిపి, ఆకులో చుట్టి ఉడికించేవి. క్లినిక్ వాళ్ళు నీకు ఏది తినాలంటే భయం లేదో దాంతో మొదలుపెట్టు అంటే, మా అమ్మమ్మ చేసేవి అంది. జూన్‌లో సగం తినేది. జూలైకి ఒకటి. ఆగస్టులో ఒకరోజు రెండు తిని, ఖాళీ ఆకులు నాకు ఎత్తి చూపించింది, బహుమతి వచ్చినట్టు.

"అయితే అవే. ఇంకేం వద్దు" అంది చాయో. "ఒక పళ్ళెం. పిల్ల కళ్ళకి భారం కాకూడదు."

మొక్కజొన్న ఈ నెలలో లేతది దొరకదు. ఫ్రీజర్‌లో దాచినది తీశాను.

సాయంత్రం ఫొటో పెట్టాను. ఫిదెన్సియో వాకిట్లోంచి చూస్తూ నిలబడ్డాడు. ఇక తీసెయ్యమంటాడు అనుకున్నాను. లోపలికి వచ్చి, "ఎత్తు చాలదు, పూల వెనకాల పడిపోతోంది. కింద ఇంకో పెట్టె పెట్టు" అన్నాడు. తనే వెళ్ళి ఆపిల్ పెట్టె ఒకటి తెచ్చాడు. దాని మీద గుడ్డ పరిచి, ఫొటో ఎత్తి పెట్టి, బొటనవేలితో ఎడమ కన్ను కింద ఒకసారి తుడిచాడు. దుమ్మేమీ లేదు అక్కడ.

కాగితం కూడా పెట్టాం, దాని రాత కనపడేటట్టు. నా టిక్కు కనపడకుండా కింద మడవబోయింది సిట్లాలి. వద్దన్నాను.

నవంబర్ 1, శుక్రవారం

జనం వచ్చారు. చర్చి ఆడవాళ్ళు, షెడ్డు వాళ్ళు, బడి పిల్లలు కొందరు. గుమ్మంలో మాట్లాడుకుంటూ వచ్చి, పీఠం ముందుకు రాగానే ఒకళ్ళ వెనక ఒకళ్ళు నిలబడిపోయారు.

అందరికంటే ముందు నన్ను మెచ్చుకున్నావిడే, టీవీలో అమ్మాయిలా ఉందన్నావిడే, నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "అయ్యో హెర్మీనియా, ఇంతగా చిక్కిందా! మాకేం కనపడలేదే!"

"నాకూ కనపడలేదక్కా" అన్నాను. "దానికి కనపడింది. చూడండి, ఏం రాసిందో."

సిట్లాలి చదివింది. ఎవరు కొత్తగా వస్తే వాళ్ళకి చదివింది. ఎన్నిసార్లో లెక్కలేదు, ఒక్కసారి కూడా విసుక్కోలేదు. నాకు వినాలని ఉందని దానికి తెలుసు.

మా వీధిలో పిల్ల ఒకతి ఉంది, పద్నాలుగేళ్ళు, ముఖం మీద ఒక అంగుళం మందాన పూత. అందరూ కాఫీలకి వెళ్ళినా అది కదలలేదు.

"ఆంటీ, ఇందులో నిజంగా ఏమీ చెయ్యలేదా?"

"ఏమీ చెయ్యలేదమ్మా."

"అక్క పోయాక స్కూలు హాల్లో పెట్టిన ఫొటోలో కంటే..." అని ఆగింది. "ఇందులో నాతో మాట్లాడుతున్నట్టుంది" అంది.

చాయో నా వెనక నిలబడి వింది. "దాని నోరు ఎప్పుడు మూతపడింది గనక" అంది, ముక్కు చీదుకుంటూ.

నవంబర్ 3, ఆదివారం

నిన్నంతా ఉంచి, ఈ రోజు పీఠం దించాం. పండగ అయిపోయాక ఆ పళ్ళెంలోది ఇంట్లోవాళ్ళం పంచుకు తినాలి. పోయినవాళ్ళు నిజంగా వచ్చి తిని ఉంటే అందులో రుచి ఉండదంటారు, సారమంతా వాళ్ళు తీసుకుపోతారట. మా ఊళ్ళో ముసలివాళ్ళు రొట్టె కొరికి, వచ్చారు, వచ్చారు అని తలలూపేవాళ్ళు. నేను ఏనాడూ నమ్మలేదు. ఊరికే చప్పరించేదాన్ని.

నలుగురం బల్ల దగ్గర కూర్చున్నాం, చాయోతో కలిపి. పళ్ళెం మధ్యలో ఉంది. ఎవరూ ముందు ముట్టుకోలేదు. నాకు చెయ్యి రాలేదు. తియ్యగా ఉంటే ఏం చెయ్యాలి? తియ్యగానే ఉంటుంది, నేనే కదా తీపి కలిపింది.

సిట్లాలి ఒకటి తీసుకుంది. ఆకు విప్పింది. పెద్ద ముక్క కొరికి, కళ్ళు మూసుకుని, మెల్లగా నమిలింది. మేమందరం దాని నోటి వైపే చూస్తున్నాం.

"అమ్మా" అంది. "దీంట్లో ఏమీ లేదు. అక్క మొత్తం తినేసింది."

ఫిదెన్సియో ఒకటి తీసుకున్నాడు. నమిలి, గుటక వేసి, "నిజమే" అన్నాడు. "కొంచెం కూడా మిగల్చలేదు."

"దొంగపిల్ల" అంది చాయో, రెండోది విప్పుకుంటూ.

నేనూ తిన్నాను. చివరిదాకా తిన్నాను.

ఏ రుచీ లేదు.